కళాశాల విద్యార్థులలో అతి మద్యపానం - నివారణ

కళాశాల విద్యార్థులలో అతి మద్యపానం అనగా 17 నుండి 25 సంవత్సరాల వయస్సు గల విద్యార్థులు ఒకే కూర్చుండుటలో ఎక్కువ మోతాదులో మద్యం సేవించుట. ఇది రోజూ త్రాగే వ్యసనము కంటె భిన్నమైనది. వారమంతా మద్యం ముట్టని విద్యార్థి శనివారం రాత్రి ఒక్కసారిగా అధికంగా త్రాగితే అతనిని ఎవరూ త్రాగుబోతు అనరు. అతను కూడా తనకొక సమస్య ఉన్నదని భావించడు. కాని ఈ వయస్సులో మద్యం వలన జరిగే మరణాలు, గాయాలు చాలా వరకు ఇటువంటి రాత్రులలోనే సంభవిస్తాయి. కాలేయం చెడి చనిపోయే వయస్సు కాదిది. వాహనం మీద, మేడ మీద, ఈతకు దిగిన చెరువులో చనిపోయే వయస్సు.

ఈ వ్యాసంలో అతి మద్యపానం యొక్క కొలత, తెలుగు ప్రాంతాలలో మద్యనిషేధ చరిత్ర, హైదరాబాదు నగరపు పడమటి భాగంలోని (మియాపూర్, మదీనాగూడ, చందానగర్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి) పరిస్థితి, అమలులో ఉన్న చట్టాలు, వివిధ దేశాలలో పరీక్షించి చూచిన నివారణ పద్ధతులు వివరింపబడినవి.

కొలతలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం, గడచిన 30 రోజులలో కనీసం ఒకసారి, ఒకే సందర్భంలో 60 గ్రాములు లేదా అంతకు మించి శుద్ధ ఆల్కహాలు సేవించుటను అతి మద్యపానంగా పరిగణిస్తారు. అమెరికాలో మరియొక నిర్వచనం వాడుకలో ఉన్నది. సుమారు రెండు గంటల వ్యవధిలో రక్తంలోని ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములకు చేరేటట్లు త్రాగుటను వారు అతి మద్యపానం అంటారు. అది పురుషులకు సుమారు 5 డ్రింకులు, స్త్రీలకు 4 డ్రింకులు. అక్కడ ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు.

గ్రాములలో చెబితే మన విద్యార్థులకు తల కెక్కదు. మన దుకాణాలలో మద్యం గ్రాములలో అమ్మబడదు. కాబట్టి లెక్క కట్టి చూడవలసి ఉంటుంది. ఆల్కహాలు సాంద్రత మిల్లీలీటరుకు 0.789 గ్రాములు. సీసాలోని పరిమాణాన్ని, దానిపై ముద్రించిన ఆల్కహాలు శాతాన్ని, ఈ 0.789ని హెచ్చవేస్తే ఆల్కహాలు ఎన్ని గ్రాములో వస్తుంది.

భారతదేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ములలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు, 90 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల సీసాలో, అనగా జనం క్వార్టరు అనే సీసాలో, 60 గ్రాములకు పైగా ఉంటుంది. అనగా ఒక క్వార్టరును ఒక్కడే పూర్తిచేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ గీచిన గీతను దాటినట్లే. క్వార్టరు తీసుకొనేవాడిని తోటివారు మితంగా త్రాగేవాడిగా లెక్కించటం ఇక్కడి వాడుక. ఆ వాడుకకు, శాస్త్రానికి మధ్య ఇంత దూరం ఉన్నది.

బీరు విషయంలో పొరబాటు ఇంకా ఎక్కువ. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం ఆల్కహాలు ఉంటే సుమారు 26 గ్రాములు అవుతుంది. 8 శాతం వరకు ఉండే స్ట్రాంగ్ బీరులో అదే సీసాకు 41 గ్రాములు అవుతుంది. ఒకటిన్నర స్ట్రాంగ్ బీరు ఒక క్వార్టరుతో సమానం. "బీరు మద్యం కాదు, చల్లదనానికి త్రాగుతాము" అనే మాట వేసవిలో తరచు వినబడుతుంది. లెక్క ఆ మాటను ఒప్పుకొనదు.

త్రాగిన ఆల్కహాలులో అధిక భాగాన్ని కాలేయం నిలకడైన వేగంతో విచ్ఛిన్నం చేస్తుంది. రక్తంలో దాని స్థాయి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. 60 కిలోల బరువు గల యువకుడు క్వార్టరు త్రాగితే అతని రక్తంలో ఆల్కహాలు దాదాపు 150 మిల్లీగ్రాముల వరకు చేరవచ్చును. అది మోటారు వాహనాల చట్టం నిర్ణయించిన 30 మిల్లీగ్రాముల పరిమితికి దిగటానికి దాదాపు 8 గంటలు పడుతుంది. రాత్రి 12 గంటలకు ముగించినవాడు ఉదయం 8 గంటల తరగతికి బండి మీద బయలుదేరే సమయానికి ఇంకా చట్టం అంచుననే ఉంటాడు. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, చన్నీటి స్నానం వంటివి ఈ వేగాన్ని పెంచవు. కాఫీ వలన మెలకువ వస్తుందే కాని మత్తు పోదు. ఈ అంకెలు సగటు మనిషికి సంబంధించినవి. శరీరపు బరువు, లింగభేదం, తిన్న ఆహారాన్ని బట్టి మారుతాయి. అదే బరువు గల స్త్రీలలో శరీరంలోని నీటి శాతం తక్కువ కాబట్టి అదే మోతాదుకు ఆల్కహాలు స్థాయి ఎక్కువగా ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో మద్యనిషేధం

భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం మత్తు పానీయాల వినియోగాన్ని నిషేధించటానికి ప్రభుత్వాలు ప్రయత్నించవలెనని ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది. అంతకు ముందే 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. నిజాము పాలనలోని తెలంగాణలో మాత్రం ఆబ్కారీ విధానమే కొనసాగింది. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలు మద్యం విషయంలో రెండు వేరు వేరు మార్గాలలో పెరిగాయి. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం అంశం పైననే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం 1969లో తొలగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఈ చరిత్రలో ప్రధానమైనది. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకొన్న స్త్రీలు తమ పాఠాలలో ఉన్న విషయాన్నే తమ ఊరిలో చూచి, సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ ఈ ఉద్యమానికి ప్రతీకగా నిలిచారు. ఉద్యమం జిల్లా అంతటికీ ప్రాకి సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరి 16 నుండి నందమూరి తారక రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానిని సడలించింది. సారా నిషేధం మాత్రం నిలిచింది.

ఈ ఉద్యమంలో విద్యార్థి సంఘాలు పాల్గొన్నవి. ఐతే అప్పుడు సమస్య తండ్రులది, భర్తలది. కొడుకు త్రాగటం అన్నది ఉద్యమం ముందు ప్రశ్నగా లేదు. దూబగుంట స్త్రీలు ఎదిరించినది కూలి డబ్బులను మింగే సారాను. నేటి కళాశాల విద్యార్థి త్రాగేది తండ్రి పంపిన డబ్బుతో కొన్న సీసాను, అదీ తల్లిదండ్రులకు దూరంగా ఉన్న ఊరిలో. ఊరి స్త్రీలు కలిసి దుకాణం మూయించిన పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఎందుకంటే ఇక్కడ ఊరు లేదు.

పడమటి హైదరాబాదు

మదీనాగూడ హైదరాబాదు నగరంలో శేరిలింగంపల్లి పరిధిలోని ఒక ప్రాంతం. పాత ముంబై రహదారిపై మియాపూర్‌కు, చందానగర్‌కు మధ్య ఉన్నది. ఈ రహదారి పూర్వం 9వ నెంబరు జాతీయ రహదారి, తరువాత 65వ నెంబరుగా మారింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత చుట్టుప్రక్కల గ్రామాలన్నీ నగరంలో కలిసిపోయాయి. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేటు ఏర్పడింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ మహానగర పాలక సంస్థలో విలీనమయింది. 2017 నవంబరు 28న మియాపూర్ వరకు మెట్రో రైలు వచ్చింది.

ఈ ప్రాంతానికి చుట్టూ విద్యాసంస్థలు విస్తారంగా ఉన్నాయి. కూకట్‌పల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో 1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో ప్రారంభమైన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, బాచుపల్లి, నిజాంపేట వైపు ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. మియాపూర్, మదీనాగూడ, చందానగర్‌లలో ఇంటర్మీడియట్ కళాశాలలు, శిక్షణా కేంద్రాలు ఉన్నాయి. దూరపు జిల్లాల నుండి వచ్చిన విద్యార్థులలో చాలామంది కళాశాల వసతి గృహాలలో కాక, అపార్టుమెంట్లను మార్చి నడిపే ప్రైవేటు హాస్టళ్ళలోను, నలుగురైదుగురు కలిసి తీసుకొన్న అద్దె గదులలోను ఉంటారు. ఉద్యోగులు, ఉద్యోగం వెదుక్కొనేవారు, విద్యార్థులు ఒకే హాస్టలులో ఉండటం సాధారణం. ఇరువది అయిదేళ్ళ ఉద్యోగి జీతం వచ్చిన రోజున ఇచ్చే దావత్‌లో పద్దెనిమిదేళ్ళ విద్యార్థి కూడా కూర్చుంటాడు. దుకాణంలో సీసా కొన్నవాడికి వయస్సు ఉన్నది, త్రాగినవాడికి లేదు.

ఇక్కడనే నివారణలోని అసలు చిక్కు ఉన్నది. విదేశాలలో వ్రాయబడిన నివారణ పుస్తకాలన్నీ కళాశాల ఆవరణలో నివసించే విద్యార్థిని దృష్టిలో ఉంచుకొన్నవి. మన కళాశాల బాధ్యత సాయంత్రం బస్సు కదలటంతో ముగుస్తుంది. హాస్టలు యజమాని బాధ్యత అద్దెతో ముగుస్తుంది. సాయంత్రం 5 గంటల నుండి మరునాడు ఉదయం వరకు ఆ విద్యార్థి ఎవరి పరిధిలోనూ లేడు.

వ్యాప్తి

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ప్రచురించిన జాతీయ సర్వే (ఎయిమ్స్, ఢిల్లీ నిర్వహించినది) ప్రకారం 10-75 సంవత్సరాల వారిలో 14.6 శాతం మంది, అనగా దాదాపు 16 కోట్ల మంది, మద్యం సేవిస్తున్నారు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్ళు దాటిన పురుషులలో మద్యం సేవించేవారు దేశంలో సుమారు 19 శాతం కాగా, తెలంగాణలో సుమారు 43 శాతం. స్త్రీలలో దేశంలో ఒక శాతానికి కొంచెం ఎక్కువ కాగా తెలంగాణలో దాదాపు 7 శాతం. తెలంగాణలో పెండ్లికి, చావుకు, బోనాలకు, దసరాకు కల్లు, మద్యం ఆచారంలో భాగంగా ఉండటం ఈ తేడాకు ఒక కారణం. ఈ అంకెలు అన్ని వయస్సుల వారివి. వీటిని కళాశాల విద్యార్థులకు అన్వయించకూడదు.

కారణాలు

కొత్త చోటు, తల్లిదండ్రుల పర్యవేక్షణ లేకపోవటం, స్నేహితుల ఒత్తిడి, పరీక్షలలో తప్పటం, ప్రేమ వైఫల్యం, ఉద్యోగం రాకపోవటం వంటివి అందరికీ తెలిసినవే. వీటి కంటె బలమైనది సందర్భం. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, పుట్టినరోజు ట్రీటు, డిసెంబరు 31 రాత్రి, పరీక్షల చివరి రోజు, కొత్త సినిమా విడుదల - త్రాగుడు ఈ రోజులకు కట్టుబడి ఉంటుంది. ఏ రోజున త్రాగుతారో ముందుగానే తెలియటం నివారణకు ఒక సౌలభ్యం. ఈ సౌలభ్యాన్ని కళాశాలలు అరుదుగా వాడుకొంటాయి.

సినిమాలను నిందించటం పరిపాటి. 1953 నాటి దేవదాసు నుండి 2017 నాటి అర్జున్ రెడ్డి వరకు త్రాగే నాయకుడు తెలుగు ప్రేక్షకుని అభిమానం పొందినమాట నిజమే. టెలివిజనులో మద్యం ప్రకటనలు నిషిద్ధం కాబట్టి తయారీదారులు అదే పేరుతో సోడా, మంచినీరు, సంగీతపు సీడీల ప్రకటనలు ఇవ్వటం కూడా నిజమే. అయినా పద్దెనిమిదేళ్ళ వానికి మొదటి గ్లాసు అందించేది తెరమీది నాయకుడు కాదు, గదిలోని సీనియరు. ర్యాగింగుకు, మద్యానికి ఉన్న సంబంధం ఇందువలననే ముఖ్యమైనది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో త్రాగి ఉన్న సీనియర్లు కొట్టిన దెబ్బలకు మొదటి సంవత్సరం విద్యార్థి మరణించాడు. అదే సంవత్సరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ర్యాగింగు నిరోధక నిబంధనలు జారీ చేసింది. మన రాష్ట్రంలో అంతకు ముందే 1997లో ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది.

దుష్ఫలితాలు

మెదడులో నిర్ణయశక్తికి, నిగ్రహానికి ఆధారమైన ముందు భాగం దాదాపు 25 ఏళ్ళ వరకు ఎదుగుతూ ఉంటుంది. ఆ కాలంలో పదే పదే అతిగా త్రాగటం జ్ఞాపకశక్తికి హాని చేస్తుంది. మరునాడు రాత్రి సంగతులు గుర్తులేకపోవటం నవ్వులాటగా చెప్పుకొంటారు. అది మెదడు కొంతసేపు జ్ఞాపకాలను నమోదు చేయలేకపోయిందనటానికి గుర్తు. తరగతులు తప్పటం, బ్యాక్‌లాగ్‌లు పేరుకోవటం, అప్పులు, కొట్లాటలు, లైంగిక దాడులు, ఆత్మహత్యా ప్రయత్నాలు ఇతర ఫలితాలు. త్రాగటం మొదలుపెట్టే వయస్సు ఎంత తక్కువైతే తరువాత వ్యసనంగా మారే అవకాశం అంత ఎక్కువ.

2016 పంజాగుట్ట ప్రమాదం

2016 జూలై 1న హైదరాబాదు పంజాగుట్టలో జరిగిన ప్రమాదం ఈ సమస్యను ఇంటింటా చర్చకు తెచ్చింది. ఇంజనీరింగు చదువుతున్న కొందరు విద్యార్థులు ఒక బారులో మద్యం త్రాగి కారులో బయలుదేరారు. కారు అదుపు తప్పి, విభాగినిని ఢీకొని, ఎగిరి అవతలి వైపు వస్తున్న మరొక కారుపై పడింది. ఆ కారులో కొత్త పాఠశాలలో మొదటి రోజు ముగించుకొని ఇంటికి వెళుతున్న తొమ్మిదేళ్ళ బాలిక, ఆమె కుటుంబసభ్యులు ఉన్నారు. బాలిక పినతండ్రి అక్కడికక్కడే చనిపోయారు. బాలిక వారం రోజులు ఆసుపత్రిలో ఉండి మరణించింది. తరువాత ఆమె తాతగారు కూడా మరణించారు. తల్లి తీవ్రంగా గాయపడ్డారు.

కారు నడిపిన విద్యార్థికి 21 ఏళ్ళు నిండలేదు. చట్టప్రకారం అతనికి మద్యం అమ్మరాదు. ఆ వయస్సు వారికి మద్యం ఎట్లా దొరికిందన్న ప్రశ్న అప్పుడు బలంగా ముందుకు వచ్చింది. అప్పటివరకు తనిఖీలన్నీ త్రాగి నడిపినవాని మీదనే ఉండేవి. అమ్మినవాని బాధ్యత, కారు తాళాలు ఇచ్చిన పెద్దల బాధ్యత, ప్రక్కన కూర్చున్న స్నేహితుల బాధ్యత గురించి జనం మాట్లాడటం ఈ ప్రమాదం తరువాత పెరిగింది. అదే కారులో మరి కొందరు విద్యార్థులు ఉన్నారు. నడపవద్దని ఆపగలిగిన స్థానంలో ఉన్నది వారే.

చట్టాలు

ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం 1968లో వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ దానిని స్వీకరించింది. రెండు రాష్ట్రాలలోను మద్యం కొనటానికి కనీస వయస్సు 21 సంవత్సరాలు. డిగ్రీ మూడవ సంవత్సరం పూర్తి చేసేసరికి సాధారణంగా విద్యార్థికి 20 లేదా 21 ఏళ్ళు ఉంటాయి. అనగా కళాశాల విద్యార్థులలో అధికభాగం త్రాగే ప్రతి గ్లాసూ చట్టవిరుద్ధంగా అమ్మబడినదే. విద్యాసంస్థలకు, ప్రార్థనా స్థలాలకు సమీపంలో దుకాణాలు పెట్టరాదన్న దూరపు నిబంధన కూడా కలదు. విద్యార్థులు ఉండే ప్రైవేటు హాస్టలు విద్యాసంస్థగా లెక్కకు రాదు కాబట్టి మదీనాగూడ వంటి చోట్ల ఈ నిబంధన వలన కలిగే మేలు పరిమితం.

జాతీయ రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2017లో, నగర, పురపాలక సంఘాల పరిధిలోని దుకాణాలకు ఇది అడ్డు కాదని వివరణ ఇచ్చింది. దానితో పాత ముంబై రహదారి వెంట నగరంలో ఉన్న భాగానికి ఈ తీర్పు వర్తించలేదు.

మోటారు వాహనాల చట్టం (1988) 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా వాహనం నడుపుట నేరం. 2019 సవరణ ప్రకారం మొదటి నేరానికి 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే 2 సంవత్సరాల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చును. త్రాగి నడిపి ప్రాణం తీసిన సందర్భాలలో పోలీసులు నిర్లక్ష్యం కేసుతో సరిపెట్టక, హత్య క్రిందకు రాని ప్రాణహరణ నేరం నమోదు చేయటం కూడా జరుగుతున్నది. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షను క్రిందకు వచ్చింది. అదే సంహితలోని 355వ సెక్షను, బహిరంగ ప్రదేశంలో త్రాగి అల్లరి చేసినవారికి సమాజసేవను కూడా ఒక శిక్షగా చేర్చింది.

హైదరాబాదులో శ్వాస పరీక్షలతో కూడిన ప్రత్యేక తనిఖీలు 2011 నుండి క్రమబద్ధంగా సాగుతున్నాయి. పట్టుబడినవారికి కోర్టుకు వెళ్ళే ముందు ట్రాఫిక్ శిక్షణా సంస్థలలో కౌన్సెలింగు ఉంటుంది. అవివాహితులైతే తల్లిదండ్రులను, వివాహితులైతే భార్యను వెంట తీసుకొని రమ్మంటారు. జరిమానా కంటె ఇదే ఎక్కువ పని చేస్తుందని చెప్పవచ్చును. చదువుకొంటున్నాడని నమ్మి డబ్బు పంపే తండ్రిని పిలిపించవలసి రావటం చాలామంది విద్యార్థులకు జైలు కంటె కష్టమైనది.

నివారణ పద్ధతులు

మన కళాశాలలలో సాధారణంగా జరిగేది సంవత్సరానికి ఒక ఉపన్యాసం, ఒక ప్రతిజ్ఞ, ఒక ర్యాలీ. ఒక పోలీసు అధికారి, ఒక వైద్యుడు వచ్చి మాట్లాడతారు. చెడిన కాలేయం బొమ్మ చూపిస్తారు. అమెరికా జాతీయ మద్యపాన పరిశోధనా సంస్థ 2002లో కళాశాలల మద్యపానంపై ప్రచురించిన నివేదిక ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది: సమాచారం చెప్పటం ఒక్కటే చేస్తే త్రాగుడు తగ్గదు. విద్యార్థికి తెలియక త్రాగటం లేదు. ఇరవై ఏళ్ళ వాడిని నలభై ఏళ్ళ నాటి కాలేయంతో భయపెట్టటం వృథా శ్రమ.

ఫలితం ఇచ్చినట్లు పరిశోధనలలో తేలిన పద్ధతులలో మొదటిది సంక్షిప్త సంభాషణ. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్, ఆయన సహచరులు 1990లలో దీనిని రూపొందించారు. ఇందులో ఎక్కువగా త్రాగే విద్యార్థితో శిక్షణ పొందిన వ్యక్తి రెండుసార్లు, ఒక్కొక్కసారి ఒక గంట లోపు, ఏకాంతంగా మాట్లాడతాడు. మొదటిసారి ఎంత త్రాగుతున్నాడో, ఏ రోజులలో త్రాగుతున్నాడో వివరాలు తీసుకొంటాడు. రెండవసారి ఆ వివరాలనే అతని ముందు లెక్కగా పెడతాడు: నెలకు ఎంత ఖర్చు, ఆ రాత్రులలో రక్తంలో ఆల్కహాలు ఎంత, తోటి విద్యార్థులతో పోల్చితే ఎక్కడ ఉన్నాడు అని. తిట్టడు, మానివేయమని ఆజ్ఞాపించడు. మానాలా, తగ్గించాలా అన్న మాట విద్యార్థి నోటినుండే రావటానికి వేచి ఉంటాడు. విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన ప్రేరణాత్మక సంభాషణా పద్ధతి దీనికి ఆధారం. ఎక్కువగా త్రాగే మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిపిన ప్రయోగంలో దీని ప్రభావం రెండేళ్ళ తరువాత కూడా కనిపించింది. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి మొదట్లో కష్టంగా ఉంటుంది. తిట్టకుండా మాట్లాడటం మన వృత్తిలో నేర్పబడని విద్య.

ఎవరితో మాట్లాడాలో తెలుసుకొనుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే 10 ప్రశ్నల పత్రం ఉపయోగపడుతుంది. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుండి 4 వరకు, మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకు మించి వస్తే హానికరమైన స్థాయిగా భావిస్తారు. ప్రశ్నలను తెలుగులో, పెగ్గు, క్వార్టరు, బీరు సీసా లెక్కలలో అడగటం అవసరం. జవాబులు రహస్యంగా ఉంటాయని విద్యార్థికి నమ్మకం కలగకపోతే ఆ పత్రం వలన ప్రయోజనం శూన్యం.

రెండవది తోటివారి గురించిన దురభిప్రాయాన్ని సరిచేయటం. 1986లో అమెరికా పరిశోధకులు పెర్కిన్స్, బెర్కోవిట్జ్ ఒక విషయం గమనించారు. విద్యార్థులు తమ తోటివారు నిజంగా త్రాగే దానికంటె ఎక్కువగా త్రాగుతారని, త్రాగుడును ఎక్కువగా ఇష్టపడతారని ఊహించుకొంటారు. ఆ ఊహకు సరితూగటానికి తాము త్రాగుతారు. కళాశాలలో త్రాగనివారు, తక్కువ త్రాగేవారు ఎందరో నిజమైన అంకె చెబితే ఒత్తిడి తగ్గుతుంది. ఇందుకు ముందుగా ఆ కళాశాలలో పేరు వ్రాయని సర్వే జరపాలి. త్రాగుడు నిజంగానే సర్వసాధారణమైన చోట ఈ పద్ధతి ఎదురుతిరిగే ప్రమాదం కూడా ఉన్నది.

మూడవది అందుబాటును తగ్గించటం: వయస్సు నిర్ధారణ, అమ్మకపు వేళలు, ధర, దుకాణాల సంఖ్య. అమెరికా 1984లో కనీస వయస్సును దేశమంతటా 21కి తెచ్చే చట్టం చేసిన తరువాత యువకుల రహదారి మరణాలు తగ్గాయి. మన చట్టంలో వయస్సు ఇప్పటికే 21. లోపం అమలులో ఉన్నది. వైన్ షాపులో గుర్తింపు కార్డు అడగటం ఎంత అరుదో మదీనాగూడలో ఏ దుకాణం ముందు పది నిముషాలు నిలబడినా తెలుస్తుంది.

నాలుగవది ఖాళీ సాయంత్రాలను నింపటం. ఐస్‌లాండ్‌లో 1998లో 15-16 ఏళ్ళ వారిలో 42 శాతం మంది గడచిన నెలలో త్రాగి మత్తెక్కినట్లు చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి తగ్గింది. క్రీడలకు, సంగీతానికి ప్రభుత్వ సహాయం, రాత్రివేళ పిల్లలు ఇంటిలో ఉండవలెనన్న నియమం, తల్లిదండ్రుల సంఘాలు అక్కడ కలిసి పనిచేశాయి. అది చిన్న దేశం, పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉండే వయస్సు. కాని కళాశాల ఆటస్థలం రాత్రి 9 వరకు తెరిచి ఉంచటానికి, గ్రంథాలయం ఆదివారం నడపటానికి ఐస్‌లాండ్ కానక్కరలేదు.

మాదకద్రవ్యాల విషయంలో తెలంగాణ కళాశాలలలో విద్యార్థులతో కూడిన కమిటీలు ఏర్పడ్డాయి. వాటి దృష్టి గంజాయి, ఇతర మత్తుపదార్థాల మీదనే ఉంటుంది. మద్యం ప్రభుత్వ అనుమతితో అమ్మబడేది, ప్రభుత్వానికి పెద్ద ఆదాయ వనరు కావటం వలన ఆ కమిటీలలో దాని మాట తక్కువ.

శిక్ష భయం, సహాయం

త్రాగి హాస్టలుకు వచ్చినవాడిని వెంటనే వెళ్ళగొట్టటం చాలా చోట్ల నియమం. నియమం కఠినంగా ఉండటం మంచిదే అనిపిస్తుంది. ఐతే ఒక విద్యార్థి త్రాగి స్పృహ తప్పినపుడు అతని స్నేహితులు ఏమి చేస్తారన్నది ఆలోచించాలి. వార్డెనుకు చెబితే అందరినీ పంపివేస్తారు, ఇంటికి ఫోను వెళుతుంది. కాబట్టి గది తలుపు వేసి, దుప్పటి కప్పి, తెల్లవారితే లేస్తాడని పడుకొంటారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఒక నియమం తెచ్చింది. ప్రమాద స్థితిలో ఉన్న స్నేహితుని కోసం సహాయం పిలిచినవారికి, సహాయం పొందినవారికి త్రాగినందుకు క్రమశిక్షణా చర్య ఉండదు. దాని బదులు కౌన్సెలింగు ఉంటుంది. తరువాత అనేక విద్యాసంస్థలు, రాష్ట్రాలు దీనిని అనుసరించాయి. మన హాస్టళ్ళలో ఇటువంటి నియమం గోడమీద వ్రాసి ఉంచటానికి ఖర్చు ఏమీ లేదు.

మద్యవిషప్రభావం - ప్రథమ చికిత్స

అతిగా త్రాగినవారిలో క్రింది లక్షణాలు కనిపిస్తే అది నిద్ర కాదు, ప్రాణాపాయ స్థితి: పిలిచినా, గిల్లినా లేవకపోవటం, శ్వాస నిముషానికి 8 కంటె తక్కువ కావటం లేదా రెండు శ్వాసల మధ్య 10 సెకన్లకు మించి ఆగిపోవటం, చర్మం చల్లబడి, పెదవులు, గోళ్ళు నీలంగా మారటం, స్పృహ లేకుండానే వాంతి కావటం, మూర్ఛ.

వెంటనే 108కి ఫోను చేయాలి. ఒంటరిగా వదలరాదు. వెల్లకిల పడుకోబెట్టరాదు, ప్రక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు మడిచి, వాంతి బయటికి పోయేటట్లు తల ఉంచాలి. మరణాలలో చాలా వాటికి కారణం వాంతి శ్వాసనాళంలోకి పోవటమే. బలవంతంగా వాంతి చేయించటం, మజ్జిగ లేదా కాఫీ పోయటం, చన్నీళ్ళ స్నానం చేయించటం ప్రమాదకరం. త్రాగటం ఆపిన తరువాత కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి స్థితి ఇంకా విషమించవచ్చును. ఏమి త్రాగాడో, ఎప్పుడు, ఎంత త్రాగాడో, మాత్రలు ఏమైనా వేసుకొన్నాడో వైద్య సిబ్బందికి దాచకుండా చెప్పాలి.

చికిత్స, సహాయ కేంద్రాలు

అతి మద్యపానం చేసే విద్యార్థులలో అందరూ వ్యసనపరులు కారు. చాలామందికి సంభాషణ, కొద్దిపాటి పర్యవేక్షణ సరిపోతుంది. ఉదయం లేవగానే త్రాగాలనిపించటం, చేతులు వణకటం, మానాలనుకొన్నా మానలేకపోవటం వ్యసన లక్షణాలు. రోజూ ఎక్కువగా త్రాగేవారు హఠాత్తుగా మానివేస్తే రెండు మూడు రోజులలో మతిభ్రమణ, మూర్ఛలు వచ్చి ప్రాణానికే ముప్పు కలుగవచ్చును. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. గదిలో పెట్టి తాళం వేయటం, తెలియకుండా అన్నంలో మందు కలపటం వంటివి చేయరాదు.

హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మద్య వ్యసన చికిత్స లభిస్తుంది. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో వ్యసన వైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉన్నది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాదులో కూడా జరుగుతాయి. వీటిలో రుసుము లేదు, పేరు చెప్పనవసరం లేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ (14416) లో మానసిక ఆరోగ్య సలహా తెలుగులో ఉచితంగా పొందవచ్చును. మత్తు వ్యసనాల నుండి విముక్తికి జాతీయ సహాయ సంఖ్య 14446. విద్యార్థి మాత్రమే కాక, అతని గది సహచరులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడా ఈ సంఖ్యలకు ఫోను చేసి సలహా అడగవచ్చును.